చావని మంద, ఆరని దీపము

స్వామికి వెండి కవచము చేయించిన పుణ్యము తెలియును, అన్నదానము చేసిన పుణ్యము తెలియును; కరెంటు బిల్లు తగ్గించు పనికి ధనమిచ్చినచో అది దైవకార్యమగునా? అని దాతలు కొందరు నన్ను అడుగుచుందురు. తేలికగా తీసివేయదగిన ప్రశ్న కాదిది. పురాతన దేవాలయములలో దీపములకు, ఫ్యానులకు, నీటి మోటార్లకు, వంటశాలకు అయ్యెడి ఖర్చు నిత్యకైంకర్యములకు రావలసిన ధనము నుండియే పోవుచున్నది. చిన్న ఆలయమైనచో బిల్లు కట్టిన తరువాత నైవేద్యమునకు ఎంత మిగిలినదని చూచుకొనవలసిన స్థితి. కనుక శాస్త్రమేమనుచున్నదో, మన పూర్వులు ఏ విధముగా నడచుకొనిరో విన్నవించెదను.

ధర్మశాస్త్రము పుణ్యకర్మలను ఇష్టమనియు పూర్తమనియు రెండుగా విభజించినది. యజ్ఞాదులు ఇష్టము. చెరువు, బావి, దేవాలయము, తోట వంటివి నిర్మించుట పూర్తము. క్రొత్త ఆలయము కట్టుటకంటె శిథిలమైన దానిని ఉద్ధరించుట అధిక ఫలదాయకమని పెద్దల నిర్ణయము. జీర్ణోద్ధరణమనగా కూలిన గోడను నిలుపుట మాత్రమే కాదు. ఆలయము తన వ్యయమును తాను భరించుకొని నిలువగల స్థితిని కల్పించుట కూడ అందులోనిదే.

మన పూర్వులు దీపమునకు ధనము సమకూర్చిన పద్ధతి చూడుడు. తంజావూరు బృహదీశ్వరాలయ శాసనములలో ఒక అఖండ దీపమునకు 96 గొర్రెలు, లేదా 48 ఆవులు, లేదా 16 గేదెలు అను నిర్ణయము కలదు. వాటిని స్వీకరించిన కాపరి దినమునకు ఒక ఉళక్కు నేయి ఆలయమునకు కొలిచి ఇయ్యవలెను. మన ద్రాక్షారామ భీమేశ్వరాలయమునందును ఇటువంటి దీపదాన శాసనములు విస్తారముగా ఉన్నవి. తమిళ శాసనములు ఆ మందను చావని, ముసలికాని గొర్రెలని పేర్కొనును. గొర్రెలకు చావు లేదని కాదు దాని అర్థము. చచ్చిన దాని స్థానమున పిల్ల పెరిగి మంద సంఖ్య తరుగకుండునని భావము. దాత ఇచ్చినది ఒక్కమారే. మూలధనము చెక్కుచెదరదు, దాని ఫలముతో దీపము వెలుగును. నేయి కొని తెచ్చి ఇచ్చినచో అది కొన్ని దినములలో తీరిపోయెడిది. మందను ఇచ్చినందున వంశపారంపర్యముగా నడచినది.

విద్యుత్తును పొదుపు చేయు పనికి ఇచ్చు విరాళము ఈ మంద వంటిది. బిల్లు చెల్లించుటకు ధనమిచ్చుట ఒక నెలకు నేయి కొని ఇచ్చుట. బిల్లునే తగ్గించు పనికి ఇచ్చుట మందను ఇచ్చుట.

ఒక లెక్క చూపెదను. పాత సీలింగు ఫ్యాను సుమారు 75 వాట్ల విద్యుత్తు తీసికొనును. ఇప్పుడు వచ్చుచున్న బి.ఎల్.డి.సి. ఫ్యాను సుమారు 30 వాట్లు. మండపములలోను సత్రములోను కలిపి 100 ఫ్యానులు దినమునకు 12 గంటలు తిరుగుచున్నవనుకొందము. మార్చినచో దినమునకు 54 యూనిట్లు, సంవత్సరమునకు 19,710 యూనిట్లు మిగులును. యూనిట్ ధర 8 రూపాయలని ఉంచుకొన్నచో అది 1,57,680 రూపాయలు. ఫ్యాను ఒక్కింటికి 3,000 వంతున 3 లక్షలు పెట్టినచో రెండేండ్లలోపే పెట్టిన ధనము తిరిగి వచ్చును. ఆ పిమ్మట మిగిలినదంతయు మంద పిల్లలను పెట్టినట్లే. దీపముల సంగతియు అంతే: 60 వాట్ల పాత బల్బు ఇచ్చెడి వెలుతురును 9 వాట్ల ఎల్.ఇ.డి. ఇచ్చును.

అయితే మంద పెరుగుటకు ఒక నియమము కలదు. మిగిలిన ధనమును వేరు ఖాతాలో ఉంచి తరువాతి పనికి వినియోగించవలెను. ఫ్యానుల వలన మిగిలినది మోటార్లకు, మోటార్ల వలన మిగిలినది వంటశాలకు వెళ్ళవలెను. సాధారణ వ్యయములో కలిపివేసినచో కాపరి గొర్రెలను అమ్ముకొన్నట్లగును.

పనులకు క్రమము కూడ ముఖ్యము. మొదట విద్యుత్ తనిఖీ చేయించి, ఎక్కడెంత ఖర్చగుచున్నదో తెలిసికొనవలెను. పిదప పాత వైరింగు. ఇది పొదుపు కంటె రక్షణకు సంబంధించినది. 2018 ఫిబ్రవరిలో మదుర మీనాక్షీ ఆలయమునందలి వీరవసంతరాయ మండపము అగ్నిప్రమాదమున ఎంతగా దెబ్బతిన్నదో మనకు తెలిసినదే. రాతి కట్టడమునకు నిప్పు భయము లేదనుకొనుట పొరపాటు. అధిక వేడికి రాయి పగులును. వైరింగు తరువాత దీపములు, ఫ్యానులు, మోటార్లు. వాటి తరువాత వంటశాల. శిరిడీలో 2009లో సూర్యరశ్మిని పెద్ద పళ్ళెముల వంటి అద్దములతో పట్టి ఆవిరి పుట్టించి ప్రసాదము వండు ఏర్పాటు నెలకొల్పిరి. అంతకు మునుపే తిరుమలలోను అట్టిది ఏర్పడినది. సౌరఫలకములు చివరి మెట్టు. అవసరమును తగ్గించుకొనక ముందే ఉత్పత్తికి పూనుకొనుట చిల్లుకుండలో నీరు పోయుటయే. వాటిని సత్రముల పైకప్పులపై అమర్చుకొనవలెనే గాని విమానముపైన, మండపముపైన తగదు.

ప్రాచీన కట్టడమునకు చేయకూడనివి కొన్ని కలవు. శిల్పములున్న స్తంభములకు, శాసనములున్న గోడలకు మేకులు కొట్టి తీగలు లాగరాదు. గాలి వచ్చు జాలకములను మూసి ఏసీ పెట్టరాదు. కరక్కాయ, బెల్లము కలిపి నూరిన సున్నపు గచ్చు తేమను పీల్చి విడుచును; దానిపై సిమెంటు పూసినచో తేమ లోపలనే నిలిచి గోడను చెరచును. పైకప్పునకు గచ్చు బాగు చేయించి తెల్లసున్నము వేయించుటే ఎండ వేడిని తగ్గించు ఉత్తమమైన పని. కేంద్ర రక్షిత కట్టడమైనచో 1958 నాటి చట్టము ప్రకారము పురావస్తు శాఖ అనుమతి లేక ఏ పనియు చేయరాదు. స్థపతిని, ఆగమ పండితుని సంప్రదించుట ఎట్లును తప్పదు.

మరియొక సందేహము. గర్భాలయమున నేతి దీపమునకు బదులు విద్యుద్దీపము పెట్టవచ్చునా? కూడదు. దీపము షోడశోపచారములలో ఒకటి, స్వామికి సమర్పించునది. విద్యుద్దీపము మన కన్నులకు దారి చూపునది. రెండవదానిలో పొదుపు చేయుట మొదటిదానికి లోటు రాకుండుటకే.

దాతలకు మార్గములు పెక్కు కలవు. దేవాదాయ శాఖ సర్వశ్రేయోనిధి నుండి జీర్ణోద్ధరణకు సహాయము లభించును. కేంద్ర ప్రభుత్వము 1996లో ఏర్పరచిన జాతీయ సంస్కృతి నిధికి ఇచ్చువారు తమ విరాళము ఏ కట్టడమునకు చెందవలెనో తెలుపవచ్చును. నేరుగా ఆలయమునకే ఇచ్చువారు రసీదుతో పాటు మూడు విషయములు అడిగి తెలిసికొనుడు: పనికి ముందు ఏడాదికి ఎన్ని యూనిట్లు వాడిరి? తరువాత ఎన్ని? మిగిలిన ధనము ఏ ఖాతాకు చేరినది?

ట్యూబులైటుపై వెలుతురు కప్పునంత పెద్ద అక్షరములతో పేరు వ్రాయించుకొనుట మనమందరము చూచినదే. శాసనములందును దాతల పేర్లున్నవి గదా అని కొందరు వాదింతురు. ఉన్నవి; కాని వాటి ప్రక్కనే ఎన్ని గొర్రెలు ఇచ్చిరో, ఎవరికి అప్పగించిరో, దినమునకెంత నేయి రావలెనో కూడ ఉన్నది. ఆ రాయి ముందుగా లెక్కపత్రము, తరువాతనే కీర్తిపత్రము. మన ఆలయములలోను ప్రతి ఉగాదికి అట్టి లెక్క ఒక పలకపై వ్రాసి భక్తులందరు చదువునట్లు ఉంచుట ధర్మము. మంద సంఖ్య తరుగలేదని తెలిసినచో తరువాతి దాత అడుగకయే ముందుకు వచ్చును.

ఇతి శివమ్.