దయ్యం మనదాకా వచ్చింది, ఫాదర్ కరాస్ రాలేదు

దయ్యాల భయం ఉన్నవాళ్లకి హనుమాన్ జంక్షన్ కంటే భద్రమైన ఊరు ఉండదేమో. కూడలిలో గుడి, గుళ్లో ఆంజనేయస్వామి, ఊరి పేరే ఆయనది. చీకట్లో పెరట్లోకి వెళ్లాల్సొస్తే ఆంజనేయ దండకం అందుకోని పిల్లలు ఈ చుట్టుపక్కల అరుదు. అక్కణ్నుంచి జాతీయ రహదారి పట్టుకుని బెజవాడ వెళ్తే బెంజ్ సర్కిల్ దగ్గర నాస్తిక కేంద్రం ఉంటుంది. దయ్యాన్ని తరిమే దేవుడూ, ఆ రెండూ లేవనే సంస్థా ఒకే రోడ్డు మీద ఉన్నాయన్నమాట. ‘ది ఎక్సార్సిస్ట్’ సినిమా విశేషాలు చెప్పుకోవడానికి ఈ రోడ్డు బాగానే పనికొస్తుంది.

1949లో అమెరికాలోని మేరీలాండ్‌లో ఒక కుర్రాడికి దయ్యం పట్టిందనీ, పాదిరీలు వదిలించారనీ పత్రికల్లో వచ్చింది. అప్పుడు జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న విలియం పీటర్ బ్లాటీ ఆ వార్త చదివి, ఇరవయ్యేళ్లకు పైగా మనసులో నానబెట్టి, 1971లో నవల చేశాడు. కుర్రాడు అమ్మాయయ్యాడు. విలియం ఫ్రీడ్కిన్ తీసిన సినిమా 1973 డిసెంబర్ 26న, అంటే క్రిస్మస్ మర్నాడు విడుదలైంది. పండగ పూట ఇదేం బొమ్మ అని అనిపించినా, జనం చలిలో వరసలు కట్టి మరీ చూశారు. పది ఆస్కార్ నామినేషన్లు, రెండు అవార్డులు. ఉత్తమ చిత్రం పోటీలో నిలిచిన మొదటి భయానక చిత్రం ఇదే.

తల వెనక్కి తిరగడం, పచ్చటి వాంతి, గాల్లో లేచిన మంచం అందరికీ గుర్తుంటాయి. కథ మాత్రం ఫాదర్ కరాస్‌ది. ఆయన జెసూట్ పాదిరీ, మానసిక వైద్యుడు కూడా. తల్లి ఒంటరిగా చనిపోయింది. దేవుడి మీద నమ్మకం చేయి జారిపోతోందని తోటి పాదిరీ దగ్గర చెప్పుకుంటాడు. ఈ సినిమాలో నాకు బాగా నచ్చిన మెలిక ఇక్కడుంది. అమ్మాయికి పరీక్షలన్నీ చేసి చేతులెత్తేసిన డాక్టర్లు భూతవైద్యం చేయించి చూడమంటారు. ‘వద్దు, ముందు ఆస్పత్రిలో చూపించండి’ అనేది పాదిరీ! చివరికి దయ్యాన్ని తనలోకి రమ్మని పిలిచి, కిటికీలోంచి దూకేస్తాడు. ఆయన దొర్లిపడిన 75 మెట్లు వాషింగ్టన్‌లో ఇప్పటికీ ఉన్నాయి, జనం వెళ్లి ఫొటోలు దిగుతారు.

కరాస్‌గా నటించిన జేసన్ మిల్లర్ నాటక రచయిత. ఆ 1973లోనే పులిట్జర్ బహుమతి అందుకున్నాడు. సినిమాల్లో నటించడం అదే మొదలు. కరాస్ స్నేహితుడు ఫాదర్ డయ్యర్‌గా వేసిన విలియం ఓమాలీ నిజంగానే జెసూట్ పాదిరీ. చివరి సన్నివేశంలో ఆయన చేతులు వణకడం లేదని ఫ్రీడ్కిన్ చెంప మీద ఒకటి ఇచ్చి, వెంటనే కెమెరా తిప్పించాడు. ఇంకొకరైతే కేసు పెట్టేవారు.

భూతవైద్యం చేయడానికి వచ్చే ముసలి ఫాదర్ మెరిన్‌గా కనిపించే మాక్స్ వాన్ సిడోకి అప్పటికి నలభై నాలుగేళ్లే. మిగతా ముసలితనమంతా మేకప్ మనిషి డిక్ స్మిత్ చేతి పని. అమ్మాయి గదిలో నటుల నోళ్లలోంచి వచ్చే ఆవిరి మాత్రం అసలుదే. సెట్టునంతా గడ్డకట్టేంత చల్లబరిచి తీశారు. దయ్యం పట్టిన అమ్మాయిగా వేసిన పదమూడు, పద్నాలుగేళ్ల లిండా బ్లెయిర్ పల్చటి గౌనులో ఆ చలిలో పడుకోవాల్సొచ్చింది.

దయ్యం గొంతు ఆ పిల్లది కాదు. అంతకుముందే ఆస్కార్ అందుకున్న నటి మెర్సిడెస్ మెక్‌కేంబ్రిడ్జ్, పచ్చి గుడ్లు మింగి, సిగరెట్లు కాల్చి, కుర్చీకి కట్టించుకుని మరీ ఆ గొంతు పలికింది. తొలి ప్రింట్లలో ఆమె పేరు వేయలేదు. గొడవయ్యాక వేశారు. ఈ విషయంలో మనవాళ్లే నయం. ‘అరుంధతి’లో సోనూ సూద్‌కి గొంతిచ్చిన పి. రవిశంకర్‌కి నంది అవార్డు దక్కింది, బొమ్మాళి రవిశంకర్ అన్న పేరూ స్థిరపడింది.

సినిమాలో అమ్మాయిని పట్టిన పజుజు పాత మెసొపొటేమియా నాటి భూతం. అసలు సంగతేమిటంటే, అక్కడి గర్భిణులు పజుజు తలను తాయెత్తుగా కట్టుకునేవారు. తల్లీబిడ్డల్ని పీడించే లమష్టు అనే పిశాచాన్ని అది తరిమేస్తుందని నమ్మకం. అక్కడ కాపలా కాసినవాణ్ని హాలీవుడ్ విలన్ని చేసింది.

ఎక్సార్సిస్ట్ ఒరవడిలో హిందీలో 1977లో ‘జాదూ టోనా’ వచ్చింది. తీసింది రవికాంత్ నగాయిచ్. పేరు విని ఉత్తరాది వ్యవహారం అనుకోవద్దు. కృష్ణా జిల్లా నిమ్మకూరు బిడ్డ ఎన్.టి. రామారావు మొదటిసారి దర్శకత్వం వహించిన ‘సీతారామ కళ్యాణం’ (1961) ఛాయాగ్రాహకుడు ఆయనే. రావణుడు కైలాసాన్ని ఎత్తే దృశ్యం చూసి నోళ్లు వెళ్లబెట్టిన వాళ్లంతా మెచ్చుకున్నది ఆయన ట్రిక్కునే.

బెజవాడ సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీలో చదివిన రామ్‌గోపాల్ వర్మ 1992లో ‘రాత్రి’ తీశాడు. తెలుగులో, హిందీలో ఒకేసారి. కొత్త ఇల్లు, నేలమాళిగ, పిల్లి, రేవతి. మాంత్రికుడు ఓంపురి. గుండెలు అదరగొట్టిన నేపథ్య సంగీతం బందరులో పుట్టిన మణిశర్మది. దేవుడి మీద నమ్మకం లేదని బాహాటంగా చెప్పే మనిషి దయ్యాల సినిమాలు మళ్లీ మళ్లీ తీశాడు. 1996లో ‘దెయ్యం’, 2003లో హిందీ ‘భూత్’.

‘రాత్రి’కి ముందే యండమూరి నవల ‘తులసిదళం’ వారం వారం ఆంధ్రభూమిలో చదివి, రాత్రిళ్లు దీపం ఆర్పడానికి భయపడిన పాఠకులున్నారు. అందులోనూ చిన్నపిల్లే. ఒకపక్క మాంత్రికులు, మరోపక్క డాక్టర్లు.

ఇంతమంది ఇన్ని తీసినా, ఎవరూ తీసుకోని పాత్ర ఒకటుంది. మన దయ్యాల సినిమాల్లో అనుమానపడేది ఎప్పుడూ మొగుడో, డాక్టరో. చివరి రీలుకి వాళ్లూ నమ్మేస్తారు. వేపమండ పట్టినవాడికి మాత్రం సందేహం రాదు. ‘అరుంధతి’లో సాయాజీ షిండే ఫకీరు, ‘మసూద’ (2022)లో శుభలేఖ సుధాకర్ బాబా మనసుకు హత్తుకునే పాత్రలే. కానీ మంత్రం చదువుతూ, ఇది పని చేస్తుందా అని లోపల వణికే మంత్రగాణ్ని మన తెర మీద చూడాలని నాకు ఎప్పట్నుంచో కోరిక.

తెర మీద లేకపోయినా, డెల్టాలో నమ్మకం పోగొట్టుకున్న సంప్రదాయ బ్రాహ్మణుడు నిజంగానే ఒకాయన ఉండేవాడు. గోపరాజు రామచంద్రరావు, అందరికీ గోరా. 1902లో పుట్టాడు. వృక్షశాస్త్రం చెప్పే లెక్చరర్. దేవుడు లేడన్నందుకు 1933లో కాకినాడ పి.ఆర్. కాలేజీ ఉద్యోగం పోయింది, తర్వాత బందరు హిందూ కాలేజీలోనూ అదే గొడవ. దయ్యాలున్నాయన్న ఇంట్లో కావాలనే కాపురం ఉన్నాడు. భార్య సరస్వతి కడుపుతో ఉండగా బయటికొచ్చి గ్రహణం చూసింది, నిప్పుల మీద నడిచి చూపించింది. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో పెట్టిన నాస్తిక కేంద్రాన్ని 1947లో బెజవాడకు మార్చారు. చేతబడి, బాణామతి భయాలున్న పల్లెలకు ఈ కేంద్రం వాళ్లు వెళ్లి, మంత్రగాళ్ల కనికట్లు జనం ముందే చేసి, గుట్టు విప్పేవారు. గోరా 1975 జులై 26న బెజవాడలో వేదిక మీద మాట్లాడుతూనే కన్నుమూశాడు.

ఇక చర్చి వైపు. ఫిబ్రవరిలో బెజవాడ గుణదల మేరీమాత ఉత్సవాలకి హిందువులూ తలనీలాలిస్తారు, కొబ్బరికాయలు కొడతారు. ఆ జనంలో ఎవరైనా మా పిల్లకి దయ్యం పట్టింది ఫాదర్ అంటే, ఆయన తనంతట తాను భూతవైద్యం మొదలుపెట్టడానికి కుదరదు. బిషప్ అనుమతి ఉండాలని క్యాథలిక్ చట్టం. 1614లో రోమ్ అచ్చువేసిన పద్ధతుల పుస్తకాన్ని 1999లో సవరించారు. ఆ పాత పుస్తకంలోనే భూతవైద్యుడికి మొదటి హెచ్చరిక ఒకటి ఉంది: దయ్యం పట్టిందంటే అంత తేలిగ్గా నమ్మొద్దని.