కాకి వాలుట, పండు పడుట

కాకి వచ్చి తాటిచెట్టు మీద వాలినది. ఆ క్షణముననే పండు రాలినది. కాకి బరువుకే పండు రాలినదని చూచినవాడు అనుకొన్నాడు. రెండు సంగతులు ఏ సంబంధమూ లేకుండ ఒక్కసారి కూడివచ్చుటకు మన పెద్దలు కాకతాళీయ న్యాయమని పేరు పెట్టినారు. చర్ల మొదలు భద్రాచలం వరకు గోదావరి ఒడ్డున తాటిచెట్లకు కొదువ లేదు గనుక, ఈ న్యాయాన్ని ఇక్కడివారికి వేరుగా బోధించనక్కరలేదు. అయితే ఇదే న్యాయం పాశ్చాత్య దేశాలలో ఒక సంగీతపు రికార్డుకు, ఒక చలనచిత్రానికి ముడిపడి వింత నమ్మకంగా వ్యాపించిన కథ శ్రోతలు వినదగినది.

1939లో అమెరికాలో 'ది విజార్డ్ ఆఫ్ ఆజ్' అనే చిత్రం వెలువడినది. సుడిగాలికి ఎగిరిపోయి మాయలోకంలో పడిన డరోతీ అనే బాలిక కథ అది. 1973లో పింక్ ఫ్లాయిడ్ అనే ఇంగ్లండు రాక్ సంగీత బృందం 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' అనే లాంగ్‌ప్లే రికార్డును విడుదల చేసినది. రెండింటికి నడుమ 34 ఏండ్ల ఎడమున్నది. అయినను, చిత్రారంభంలో కనబడే సింహం మూడవసారి గర్జించగానే రికార్డు మొదలుపెట్టి, చిత్రంలోని ధ్వనిని ఆపివేసి చూస్తే, ఆ సంగీతం ఆ చిత్రానికే కూర్చినట్లుంటుందని 1990ల నాటికి అభిమానులలో ప్రచారమైనది. 1995లో ఒక అమెరికన్ పత్రిక దానిని గురించి వ్రాసినది. 1997లో బోస్టన్ నగరపు రేడియో వ్యాఖ్యాత ఒకరు ప్రస్తావించగా అది దేశమంతటా ప్రాకినది.

నమ్మినవారు చూపే నిదర్శనాలు ముచ్చటగానే ఉంటాయి. చిత్రం ఒకే వర్ణపు ఛాయ నుండి పలు రంగులలోనికి మారే వేళకు, నాణెముల గలగలతో 'మనీ' అనే పాట మొదలవుతుంది. రేకు మనిషి గుండె మీద డరోతీ చెవి ఆనించే వేళకు, రికార్డు చివరనున్న గుండె చప్పుడు వినవస్తుంది. ఇది రహస్యంగా చేసిన ఏర్పాటు కాక మరేమని వారి వాదం.

ఆ బృందంవారు దీనిని కొట్టివేసినారు. రికార్డింగు ఇంజనీరుగా పనిచేసిన ఆలన్ పార్సన్స్, ఆనాటి స్టూడియోలో చిత్రాన్ని వేసి చూచుకొనే సాధనమే తమకు లేదని చెప్పినారు. రికార్డు నిడివి సుమారు 43 నిమిషాలు. చిత్రం నిడివి నూరు నిమిషాలకు పైన. కనుక రికార్డును మరల మరల మొదటినుండి పెట్టవలసి వస్తుంది. చిత్రంకోసం కూర్చిన సంగీతమైతే సగం దారిలో ముగిసిపోతుందా?

ధ్వనిని దృశ్యానికి నిజంగా జతపరచుట ఎంత శ్రమయో మన తెలుగు చిత్రాల చరిత్రయే చెబుతుంది. 'నీరా ఔర్ నందా' అనే హిందీ చిత్రాన్ని 1950లో 'ఆహుతి' పేరుతో తెలుగులోనికి మార్చినప్పుడు మాటలు, పాటలు వ్రాసినవారు శ్రీశ్రీ. తెర మీది పాత్ర పెదవులు మూసిన చోట ప, బ, మ వంటి అక్షరమే పడవలె; నోరు తెరచిన చోట అటువంటి అచ్చు పలుకవలె; అర్థమూ చెడరాదు. సెకనుకు 24 బొమ్మలు నడిచే చిత్రంలో మాట నాలుగైదు బొమ్మల మేర వెనుకబడినా ప్రేక్షకుడు పసిగడతాడు. బుద్ధిపూర్వకమైన జోడింపుకు ఇంతటి నియమం ఉన్నది. కాకతాళీయమైన కూడికకు ఏ నియమమూ లేదు. ఎక్కడ కలిసినా చాలును.

అయితే కలిసినట్లు తోచడమెందుకు? నది ఒడ్డున దూరాన ఒకరు బండమీద బట్టలు ఉతుకుతున్నారనుకొందాము. వారు సెకనుకు ఒక దెబ్బ వేస్తున్నారు. ధ్వని సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. సరిగా అంత దూరాన నిలిచి చూచేవారికి మొదటి దెబ్బ చప్పుడు రెండవ దెబ్బ కనబడే క్షణాన చేరుతుంది. కన్ను, చెవి రెండూ ఒకే దెబ్బకు సాక్ష్యమిస్తున్నవని మనస్సు నిశ్చయించుకొంటుంది. చేయి ఆగిన తరువాత ఇంకొక చప్పుడు ఒంటరిగా వినబడినప్పుడు గాని మోసం బయటపడదు. ఒక్కసారి వచ్చిన శబ్దాన్ని, దృశ్యాన్ని ఒకటిగా కుట్టుట మనస్సు స్వభావం. అది లేనిదే మాటను పెదవితో కలిపి వినలేము.

కళాకారులు ఈ స్వభావాన్ని తెలిసియే వాడుకొన్నారు. 1946లో పారిస్‌లో జాఁ కాక్తో కల్పించిన 'యువకుడు, మృత్యువు' అనే నృత్యరూపకాన్ని జాజ్ లయకు అభ్యాసం చేయించి, తీరా ప్రదర్శనలో బాఖ్ సంగీతం వాయించినారు. అడుగులు, స్వరాలు తమంతట తామే కలిసినవి. పురుగు తొలిచిన కొయ్యలో అక్షరాలు కనబడుటను మనవారు ఘుణాక్షర న్యాయమన్నారు; చదివేవాడుంటే చాలును, వ్రాసినవాడు ఉండనక్కరలేదు.

నమ్మకం నిగ్గు తేల్చుటకు మార్గం సులభం. కలిసిన చోట్లతో పాటు కలియని చోట్లు కూడ లెక్కపెట్టవలె. రికార్డును ఒక నిమిషం ఆలస్యంగా పెట్టి చూడవలె. వేరొక రికార్డు పెట్టి చూడవలె. అప్పుడును ముచ్చటైన కూడికలు కొన్ని దొరికితే, మొదటివాటి మహిమ ఎంతో తేలిపోతుంది.

పాట విషయంలో పొరబడితే పోయేదేమీ లేదు. ఒక సాయంకాలం వినోదంగా గడుస్తుంది. ప్రాణాల విషయం వేరు. ఒకరు వాకిటి ముందుగా నడిచిపోయిన మరునాడు ఆ ఇంటి బిడ్డకు జ్వరం తగిలి ప్రాణం పోతుంది. ఆ రెండింటిని కుట్టే మనస్సు కూడ ఇదియే. చేతబడి చేసినారనే అనుమానంతో అమాయకులను కొట్టి చంపిన ఘోరాలు, మైదానంలోనూ మన్యంలోనూ, 21వ శతాబ్దంలో కూడ జరిగినవి. ఆ వాకిటి ముందు ఎందరు నడిచిపోయినారో, ఎన్నిసార్లు ఏమీ జరుగలేదో లెక్క చూచినవారు లేరు.

అట్లని కూడికలన్నీ వ్యర్థమనరాదు. చిత్తడి నేలల గాలికి, చలిజ్వరానికి సంబంధమున్నదని పూర్వులు నమ్మినారు. మలేరియా అనే మాటకు చెడుగాలి అనియే అర్థం. గాలి దోషం కాకపోయినా, ఆ కూడిక వెనుక కారణం ఒకటి దాగియున్నది. రొనాల్డ్ రాస్ రోగి రక్తం త్రాగిన దోమలను ఒక్కొక్కటిగా కోసి సూక్ష్మదర్శినిలో పరీక్షించి, 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో ఒక దోమ కడుపులో ఆ క్రిమిని చూచినారు. కూడివచ్చిన రెండు సంగతులు మనకు ఒక ప్రశ్నను మాత్రమే ఇస్తాయి. దానికి జవాబు కావలెనంటే, రాస్ వలె విప్పి చూడవలసినదే.