సగం పరీక్ష ఇంట్లోనే!

వరంగల్: పెద్దపేగు పరీక్షకు వచ్చినవారు బల్లపై పడుకునే ముందు తరచుగా చెప్పే మాట ఒకటుంది. "నిన్న పొద్దుటి నుంచి ఏమీ తినలేదండీ, కడుపు ఖాళీగానే ఉంది" అని. కాసేపటికే గొట్టం చివరనున్న చిన్న కెమెరా ఆ ఖాళీ సంగతి టీవీ తెరపై బయటపెడుతుంది. గోధుమరంగు బురద, దాని మధ్య టమాటా గింజలు, ఆకుకూర తుక్కు కనబడతాయి. డాక్టరు నీళ్లు చిమ్మి కడుగుతారు, ఆ నీటిని పీల్చేస్తారు, మళ్లీ కడుగుతారు. ఎంతకీ దారి కనబడకపోతే గొట్టం బయటకు తీసి, మరోసారి రమ్మంటారు.

మరోసారి అంటే మాటలు కాదు. మళ్లీ బస్సు చార్జీలు, తోడు వచ్చినవారికి మరో రోజు కూలి నష్టం, మళ్లీ ఆ మందు తాగడం. పేగు సరిగా శుభ్రం కాక ఇబ్బంది పడేవారు ఇక్కడే ఉన్నారనుకోనక్కర లేదు. అమెరికాలో సైతం ఈ పరీక్షకు వచ్చే ప్రతి నలుగురైదుగురిలో ఒకరి విషయంలో ఇదే తంటా అని అక్కడి వైద్యుల సంఘాలు 2014లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో పేర్కొన్నాయి. కొలనోస్కోపీ అనే ఈ పరీక్షలో సగం పని ఆస్పత్రిలో జరిగితే, మిగతా సగం ముందురోజు రోగి ఇంట్లోనే జరగాలి. ఆ సగం గురించి వివరంగా చెప్పేవారు మాత్రం తక్కువ. చేతిలో ఓ చీటీ, ఓ పొడి పొట్లం పెట్టి పంపడమే చాలాచోట్ల ఆనవాయితీ.

ఆవగింజంత బుడిపె

మలంలో రక్తం పడితే మన జిల్లాల్లో మొదట వినిపించే మాట 'వేడి చేసింది'. తర్వాతి మాట 'మొలలు'. ఆ రెండింటితోనే నెలలు గడిచిపోతాయి. చాలామందికి అది నిజంగా మొలలే కావచ్చు. కాని పెద్దపేగు లోపలి గోడపై పుట్టే బుడిపెలు, పుండ్లు, క్యాన్సర్ గడ్డలు కూడా రక్తంతోనే బయటపడతాయి. పైకి చూసి తేల్చడం ఎవరి తరమూ కాదు. అందుకే ఈ పరీక్ష.

పెద్దపేగు పొడవు సుమారు ఐదడుగులు. అందులో వెతికేది ఒక్కోసారి ఆవగింజంత బుడిపెను. దాన్ని డాక్టర్లు పాలిప్ అంటారు. ఇలాంటివాటిలో కొన్ని ఏళ్ల తరబడి మెల్లగా పెరిగి క్యాన్సర్‌గా మారతాయి. మారకముందే గుర్తిస్తే పొట్ట కోయకుండా ఆ గొట్టం గుండానే తీగ ఉచ్చు వేసి తీసేయవచ్చు. న్యూయార్క్‌లో విలియం వుల్ఫ్, హిరోమి షిన్యా అనే వైద్యులు 1969లో ఈ పద్ధతికి బాట వేశారు. 1985 జూలైలో అప్పటి అమెరికా అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్‌కు ఈ పరీక్షలోనే పెద్ద బుడిపె కనబడింది. మర్నాడే ఆపరేషన్ చేసి రెండడుగుల మేర పేగు తీసేశారు. అది క్యాన్సరేనని తేలింది. ఆ తర్వాత ఆయన మరో 19 ఏళ్లు బతికారు.

బుడిపెలన్నీ పుట్టగొడుగుల్లా లేచి నిలబడవు. కొన్ని గోడకు అంటుకుని, పల్చగా పరుచుకుని ఉంటాయి. వాటిపై చెంచాడు మలం ఉన్నా కెమెరా దాటిపోతుంది. 'ఏమీ లేదు' అన్న రిపోర్టు చేతికొస్తుంది. ఆ రిపోర్టును నమ్మి రోగి ఏళ్ల తరబడి నిశ్చింతగా ఉంటాడు. మళ్లీ రమ్మని పంపడం కన్నా ఇదే ఎక్కువ ప్రమాదకరం.

లంఖణం ఒక్కటే చాలదు

లంఖణం పరమౌషధమన్నారు పెద్దలు. ఈ ఒక్క విషయంలో మాత్రం లంఖణం అక్కరకు రాదు. రెండు రోజులు పస్తున్నా పేగు ఊరుకోదు. కాలేయం నుంచి పైత్యరసం దిగుతూనే ఉంటుంది, పేగు గోడలు జిగురు స్రవిస్తూనే ఉంటాయి. అంతకుముందు తిన్నది పెద్దపేగులో రెండు మూడు రోజులు నిల్వ ఉండడం మామూలే. దాన్ని నెట్టి కడగాల్సిందే.

మన ఇళ్లల్లో ఒకప్పుడు పిల్లలను పట్టుకుని, ముక్కు మూసి ఆముదం పట్టించేవారు. ఆ రుచి తెలిసిన తరం ఇంకా ఉంది. కొలనోస్కోపీ వచ్చిన తొలిరోజుల్లో ఇతర దేశాల్లోనూ ఆముదం, ఎనిమా, రెండు మూడు రోజుల ద్రవాహారమే దిక్కు. 1980లో అమెరికా వైద్యులు డేవిస్, శాంటా అనా, ఫోర్డ్‌ట్రాన్ బృందం కొత్త ద్రావణం తయారుచేసింది. పాలీఇథలీన్ గ్లైకాల్ అనే పొడిని తగిన లవణాలతో నీళ్లలో కలపడమే అందులోని కిటుకు. ఈ పొడిని శరీరం పీల్చుకోదు. తాగిన నీటిని పేగులోనే పట్టి ఉంచుతుంది. ఆ నీరే కాల్వలా పారి పేగును కడిగేస్తుంది. ఒంట్లోని ఉప్పు, నీరు పెద్దగా తరిగిపోవు. ఇప్పుడు మందుల షాపుల్లో ఇచ్చే పొట్లం చాలావరకు ఇదే. దాన్నే 'పెగ్ పొడి' అంటారు.

చేదుగా, ఉప్పగా ఉందని ఇందులో పంచదార కలిపేవారున్నారు. కలపరాదు. దీని వెనుక ఓ చేదు కథ ఉంది. మానిటాల్ అనే ఒక రకం చక్కెరతో పేగు శుభ్రం చేసే రోజుల్లో, పేగులోని సూక్ష్మజీవులు ఆ చక్కెరను పులియబెట్టి మండే వాయువులు పుట్టించేవి. బుడిపె తీసేందుకు విద్యుత్ తీగ వాడగానే పేగు పేలి రోగి చనిపోయిన సంఘటనను ఫ్రాన్స్ వైద్యులు 1979లో వెల్లడించారు. పెగ్ పొడితో ఆ భయం లేదు. అలాగని దానిలో మన వంటింటి ప్రయోగాలు వద్దు.

సకినాలు వద్దు, తెల్లన్నం మేలు

పరీక్షకు రెండు మూడు రోజుల ముందే కంచంలో మార్పు రావాలి. గింజలు, పీచు, పొట్టు ఉన్నవి మానాలి. చెప్పడానికి తేలికే. కాని ఓరుగల్లు తిండిలో ఇవి లేనిదేది? సంక్రాంతికి చేసిన సకినాల్లో నువ్వులు, సర్వపిండిలో పల్లీలు, నువ్వులు, వానాకాలం రోడ్డు పక్కన కాల్చే మక్కకంకులు, జామపండ్లు, జొన్నరొట్టె, పుంటికూర, పాలకూర, టమాటా పచ్చడి... అన్నీ వద్దన్న జాబితాలోవే. నువ్వుగింజ, టమాటా గింజ అరగకుండా అలాగే దిగుతాయి. పీల్చే గొట్టానికి అడ్డం పడేవి ఇవే.

తినదగినవీ ఉన్నాయి. తెల్లన్నం, పలుచని మజ్జిగ, ఇడ్లీ, ఆవాలు, పప్పులు లేని ఉప్మా, బ్రెడ్డు, తొక్క తీసి ఉడికించిన ఆలుగడ్డ, ఉడికించిన కోడిగుడ్డు చాలు. ఇది ఉత్త జాగ్రత్త మాత్రమే, పథ్యం పేరుతో మనిషిని నీరసింపజేయనక్కర లేదు. ముందురోజు మధ్యాహ్నం తేలికగా తిన్న తర్వాత ఇక ఘనాహారం ఆపాలి. కొందరు డాక్టర్లు ఆ రోజు ఉదయం నుంచే ద్రవాలు మాత్రమే అంటారు. ఎవరి చీటీలో ఏముంటే వారికదే.

ద్రవాలన్నాక గంజి, పాలు, జావ తాగేస్తారు కొందరు. అవి పనికిరావు. తేట ద్రవాలే తాగాలి. ఏది తేటో తెలుసుకోవడానికి ఓ చిట్కా ఉంది. గాజు గ్లాసులో పోసి వెనుక పేపరు పెడితే అక్షరాలు కనబడాలి. మంచినీళ్లు, కొబ్బరినీళ్లు, వడగట్టిన నిమ్మరసం, వడగట్టిన చారు తేట, పాలు కలపని టీ తాగవచ్చు. ఎరుపు, ఊదా రంగు షర్బత్‌లు, దానిమ్మ, నల్లద్రాక్ష రసాలు మాత్రం ముట్టరాదు. లోపల ఆ రంగు రక్తంలా కనబడి డాక్టరును తికమక పెడుతుంది.

విరేచనం మొదలవగానే ఆపొద్దు

ఇక్కడ మామూలుగా రాసేది రెండు లీటర్ల ద్రావణం. పొట్లంపై ఎన్ని నీళ్లు రాసి ఉంటే అన్నే కొలిచి కలపాలి. అంతా ఒక్క రాత్రే తాగడం పాత పద్ధతి. సగం ముందురోజు సాయంత్రం, మిగతా సగం పరీక్షకు నాలుగు నుంచి ఆరు గంటల ముందు మొదలుపెట్టి తాగితే పేగు ఎక్కువ శుభ్రపడుతుందని అధ్యయనాల్లో తేలింది. కారణం పైన చెప్పిందే. రాత్రంతా చిన్నపేగు నుంచి దిగివచ్చిన పైత్యాన్ని, జిగురును కడిగేది ఆ రెండో విడతే. పొద్దున తొమ్మిదింటికి పరీక్షంటే తెల్లవారుజామున మూడు, నాలుగింటికి లేవాల్సి వస్తుంది. ఎవరికైనా కష్టమే. కాని బుడిపెలు ఎక్కువగా తప్పించుకునే కుడివైపు పేగును శుభ్రం చేసేది ఈ నిద్రలేమే. చివరి గుక్క పరీక్షకు కనీసం రెండు గంటల ముందే ముగించాలి. మత్తు ఇచ్చేవారు ఇంకా ముందే ఆపమంటే వారి మాటే వినాలి.

ద్రావణాన్ని ఫ్రిజ్‌లో గాని, కొత్త కుండలో గాని చల్లబరిస్తే వెగటు తగ్గుతుంది. పది పదిహేను నిమిషాలకో గ్లాసు చొప్పున తాగాలి. మధ్యలో నిమ్మచెక్క చప్పరించవచ్చు, ఇంట్లోనే అటూ ఇటూ నడవవచ్చు. వాంతి వచ్చేలా ఉంటే అరగంట ఆగి మళ్లీ మొదలుపెట్టాలి. గంట నుంచి మూడు గంటల్లో విరేచనాలు మొదలవుతాయి. అప్పుడే చాలామంది 'పని చేసింది' అనుకుని గ్లాసు పక్కన పెడతారు. పొరపాటు జరిగేది సరిగ్గా ఇక్కడే. మొదట వచ్చేది పైనున్న మలం మాత్రమే. చివరకు మూత్రంలా లేత పసుపు రంగులో, అడుగు కనబడే తేట నీళ్లు రావాలి. అంతా తాగినా మబ్బుగానో, గోధుమరంగుగానో వస్తుంటే ఆ సంగతి దాచకుండా ఆస్పత్రిలో ముందే చెప్పాలి.

ఆ రాత్రికి మరుగుదొడ్డి దగ్గర్లో ఉండాలి. నలుగురైదుగురు కిరాయిదార్లకు ఒకే దొడ్డి ఉన్న ఇళ్లల్లో ముందే చెప్పి పెట్టుకోవడం మంచిది. డ్రమ్ములో నీళ్లు నింపుకోవాలి. దారిలో లైటు వెలుగుతుండాలి. ముసలివారు చీకట్లో తొందరపడి జారిపడడం విరేచనాల కన్నా పెద్ద ముప్పు. తుడుచుకోవడానికి మెత్తని గుడ్డ, ఒరుసుకుపోయిన చోట కాస్త కొబ్బరినూనె ఉంటే చాలు.

బస్సులో వచ్చేవారి మాటేమిటి?

ఈ ఇంటి పాఠమంతా హనుమకొండలోనో, వరంగల్‌లోనో ఇల్లున్నవారికి సరిపోతుంది. ఏటూరునాగారం వైపు నుంచి వచ్చేవారు సుమారు వంద కిలోమీటర్లు బస్సులో కూర్చోవాలి. రెండో విడత మందు తాగి తెల్లవారు బస్సెక్కడం అయ్యే పని కాదు. తాగకుండా వస్తే పరీక్ష చెడుతుంది. మహబూబాబాద్ నుంచి వచ్చేవారికి రైలుంది, అందులో మరుగుదొడ్డీ ఉంది కాబట్టి కొంత నయం. మిగతావారు ముందురోజు మధ్యాహ్నానికే నగరానికి చేరుకుని, బంధువుల ఇంట్లోనో, కిరాయి గదిలోనో ఉండి మందు తాగడం మంచిది. లేదా దూరం సంగతి చెప్పి, చేర్చుకుని మందు తాగిస్తారేమో ఆస్పత్రిలోనే అడగాలి. పరీక్ష సమయం రాసేటప్పుడు 'ఏ ఊరు?' అన్న ఒక్క ప్రశ్న వేస్తే ఎంతోమందికి రెండో ప్రయాణం తప్పుతుంది.

ముందే చెప్పాల్సినవి

షుగర్ ఉన్నవారు తిండి మానేసి మాత్రలు, ఇన్సులిన్ మామూలుగానే వేసుకుంటే షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతాయి. మోతాదు ఎంత తగ్గించాలో డాక్టరును అడగాలి. గ్లిఫ్లోజిన్ రకం మాత్రలనైతే కొన్ని రోజుల ముందే ఆపాల్సి రావచ్చు. రక్తం పల్చబడే మందులు వాడేవారు తమంతట తాము ఆపడమూ తప్పే, చెప్పకపోవడమూ తప్పే. ఐరన్ మాత్రలు మలాన్ని నల్లగా, జిగటగా చేస్తాయి కనుక వారం ముందు నుంచి ఆపమంటారు. ఏళ్లుగా మలబద్ధకం ఉన్నవారికి రెండు లీటర్లు చాలకపోవచ్చు. ఆ మాట చెప్పడానికి సిగ్గుపడనక్కర లేదు.

మూత్రపిండాల జబ్బు, గుండె జబ్బు ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. రెండు లీటర్లు తాగలేక 'చిన్న సీసా మందు' ఇమ్మని షాపులో అడిగేవారున్నారు. అందులో ఉండేది సోడియం ఫాస్ఫేట్. అది మూత్రపిండాలను దెబ్బతీసే ప్రమాదం ఉందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008 డిసెంబరులో గట్టి హెచ్చరిక జారీచేసింది. డాక్టరు రాయనిదే అది కొనరాదు. కడుపు ఉబ్బి, గాలి కూడా పోకుండా, వాంతులవుతున్నవారు ఏ శుభ్రపరిచే మందూ తాగరాదు. పేగు ఎక్కడో మూసుకుపోయి ఉండవచ్చు. తాగడం మొదలుపెట్టాక తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, స్పృహ తప్పేలా ఉండడం వంటివి కనబడితే గ్లాసు పక్కన పెట్టి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

పరీక్ష అయ్యాక కాసేపు గాలి పోతుంది, కడుపు ఉబ్బరంగా ఉంటుంది. మత్తు ఇచ్చినవారు ఆ రోజు స్కూటర్ నడపరాదు, కాగితాలపై సంతకాలు పెట్టరాదు. తోడు మనిషి తప్పనిసరి. ఇంటికి వెళ్లే ముందు రిపోర్టులో పేగు శుభ్రత గురించి ఏం రాశారో అడిగి తెలుసుకోవాలి. పేగును మూడు భాగాలు చేసి, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు వరకు మార్కులు వేసే పద్ధతి ఉంది. మొత్తం తొమ్మిది. మూడు భాగాలకూ రెండేసి, ఆపైన వస్తే చూసింది చూసినట్టే. ఏ భాగానికైనా అంతకన్నా తక్కువ వస్తే, బుడిపెలేవీ లేవని రాసినా సరే, మళ్లీ ఎప్పుడు రావాలో అక్కడే తేదీ రాయించుకోవాలి.