చిన్న ట్రాక్టరునకు ఏ నూనె?

మద్నూరు మండలమునుండి విడివడి 2022లో తానే మండలకేంద్రమైన డోంగ్లి, మహారాష్ట్ర సరిహద్దున నల్లరేగడి నేలలలో నెలకొన్న గ్రామము. పత్తి, సోయా, కంది పండెడు ఈ ప్రాంతమున, ఒకనాడు ఎడ్లగుంటుక నడచిన సాళ్లనడుమ నేడు ముప్పది అశ్వశక్తికి లోపైన చిన్న డీజిల్ ట్రాక్టరు దూరుచున్నది. దానిని కంటికి రెప్పవలె కాచుకొను రైతు సైతము, నూనెడబ్బా కొనుటకు అంగడిమెట్టు ఎక్కినప్పుడు, "మంచిగ చిక్కటి ఆయిల్ ఇయ్యి సేటూ" అని అడుగుట కద్దు. పొరపాటంతయు ఆ 'చిక్కటి' అన్న మాటలోనే యున్నది.

డబ్బాపై అచ్చొత్తిన '15డబ్ల్యూ-40' అను గుర్తు, అమెరికా ఇంజినీర్ల సంఘమైన ఎస్‌ఏఈ 1911లో ఆరంభించిన స్నిగ్ధతా విభజనకు వారసురాలు. 'డబ్ల్యూ' యనగా శీతకాలము. దాని ముందరి సంఖ్య ఎంత తక్కువయైన, చలిలో నూనె అంత సులువుగా పారును. వెనుకటి 40 అను సంఖ్య, నూరు డిగ్రీల వేడిలో సైతము నూనె తన పలుచని పొరను లోహముల నడుమ నిలుపుకొను శక్తికి కొలత. రాత్రియంతయు నిలిచిన యంత్రమును తెల్లవారి త్రిప్పిన తొలి క్షణములలో ఇంజను అరుగుదలకు అవకాశమెక్కువ. మితిమీరి చిక్కనైన నూనె ఆ క్షణములలో బేరింగులకు ఆలస్యముగా చేరును. ఇట కార్తికమార్గశిరముల చలి ఎంత వణికించినను మంచు గడ్డకట్టునది కాదు గనుక 5డబ్ల్యూకు అధికమూల్యము చెల్లింప నవసరము లేదు. వేసవిలో నలుబది డిగ్రీలు దాటిన ఎండలో రోటవేటరు లాగు ఇంజనునకు 40 తగియున్నది. అందుచే పెక్కు చిన్న ట్రాక్టర్లకు 15డబ్ల్యూ-40 ఇచ్చట చక్కగా సరిపోవును.

చిక్కదనమొక్కటే చాలదు. డబ్బాపై నూనె శ్రేణిని తెలుపు ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ) గుర్తులో 'సీ'తో మొదలగునది డీజిల్ యంత్రములకు, 'ఎస్'తో మొదలగునది పెట్రోలు యంత్రములకు ఉద్దేశింపబడినవి. మోటారుసైకిలునకు కొన్న నూనె మిగిలినదని ట్రాక్టరులో పోయరాదు. 2002లో వచ్చిన సీఐ-4 శ్రేణి మసిని విడదీసి మోయుటలో దిట్ట. 2016 చివర వచ్చిన సీకే-4, పొగగొట్టమున మసివడపోత గల యంత్రములనుగూడ దృష్టియందుంచుకొని రూపొందినది. 2023 జనవరినుండి అమలైన కఠినతర ఉద్గార నియమములు యాబది అశ్వశక్తికి మించిన ట్రాక్టర్లకే వర్తించును గాన, చిన్నవానికి చేతిపుస్తకము సీఐ-4 చెప్పినచో అదియే చాలును. 2020 ఏప్రిల్‌నుండి డీజిలులో గంధకము పదిలక్షలకు 10 పాళ్లకు దిగినది. కావున గంధకపు ఆమ్లములను గూర్చిన పాతభయమును సడలించుకొనవచ్చును. ధూళిభయము మాత్రము సడలింపరానిది.

ఆ ధూళి సంగతి చూడుడు. పెక్కు ట్రాక్టర్లలో గాలివడపోత అడుగున ఒక గిన్నె యుండును. దానిలోను ఇంజను నూనెనే గుర్తువరకు పోయుదురు. ఎండిన రేగడిలో దుక్కి దున్నిన సాయంకాలము ఆ గిన్నెను విప్పిన, అడుగున నల్లని బురద వ్రేలికి తగులును. ఆ బురద గిన్నెలో నిలువనిచో సిలిండరులోనికి పోవలసినదే.

గేజుకర్రపై నూనె నల్లబడెనని కలత చెందువారు గలరు. మసిని గడ్డకట్టనీయక తనలో నిలుపుకొను నూనె నల్లబడుట సహజము. మార్చవలసిన వేళను రంగు గాక గంటలు నిర్ణయించును: సాధారణముగా క్రొత్తదానికి 50 గంటలకు, పిమ్మట 250 గంటలకొకమారు, ఫిల్టరుతో సహా. దుమ్ములో పని ఎక్కువైనచో ఇంకను ముందే. పైగుర్తు దాటి పోయుటయు మేలు కాదు. తిరుగు క్రాంకు ఆ నూనెను నురుగు చేయును. గేరుపెట్టెకును, హైడ్రాలిక్సునకును పోయు నూనె వేరు జాతి. దానిని ఇంజనులో పోయుట, ఇంజను నూనెను దానిలో పోయుట, రెండును తప్పే.

చేతిపుస్తకము కనబడకున్నచో, ఇంజను నంబరు చెప్పి షోరూమువారిచేత నూనె గుర్తులను కాగితముపై వ్రాయించుకొని, సీటుక్రింది పనిముట్ల పెట్టెలో దాచుకొనుడు.