కారు ఇంజనుతో నీటి పంపు: వాడని నీటి రంధ్రములను మూయు విధము

పాత కారు ఇంజనును ఇనుప చట్రముపై బిగించి, దానిచే పంపును త్రిప్పించి కాలువ నీటిని పొలమునకు ఎత్తుకొను రైతులు గలరు. కారు నుండి ఇంజనును విప్పునపుడు, లోపలి హీటరునకు వేడినీరు కొనిపోవు రబ్బరు గొట్టములను కూడ తీసివేయుదురు. ఇంజనుపై వాని మొనలు తెరచియే యుండును. రేడియేటరులో నీరు పోయగనే అక్కడినుండి ధార కట్టును గనుక, ఏదో ఒకటి కుక్కి మూయుట పరిపాటి. కొందరు కర్రముక్క దిగగొట్టుదురు, మరికొందరు సైకిలు ట్యూబు ముక్క చుట్టి తీగతో బిగింతురు. మొదటి రోజున ఇవి బాగుగనే యున్నట్లు కనిపించును.

రేడియేటరు మూత లోపలి నీటిని ఒత్తిడిలో నుంచును. చదరపు సెంటీమీటరునకు సుమారు 1 కిలో ఒత్తిడిని నిలుపు మూతయైనచో, నీరు 100 డిగ్రీల వద్ద గాక దాదాపు 120 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మరుగును. అంత వేడికి కర్ర వదులగును, రబ్బరు మెత్తబడి చీలును. బిరడా ఊడినచో కొద్ది నిమిషములలో నీరంతయు వెడలిపోవును. ఇక్కడ మరియొక మోసము కలదు. వేడిని చూపు మీటరు, దాని మొన నీటిలో మునిగియున్నంతవరకే నిజము చెప్పును. నీరు పోయిన పిమ్మట ముల్లు క్రిందికి దిగి, ఇంజను చల్లగా నున్నట్లే చూపవచ్చును. నీరు కట్టుచున్న రైతు తిరిగి వచ్చుసరికి హెడ్డు వంగియో, పిస్టను పట్టివేసియో యుండును. వరి పొట్టదశలో నున్నపుడు ఇట్లు జరిగినచో మరమ్మత్తు ఖర్చు ఒక యెత్తు, నీరందని చేను మరియొక యెత్తు.

అయితే మూయుటకు ముందు ఆ రంధ్రము ఏ పని చేయుచుండెనో తెలిసికొనవలెను. చాలమంది ఈ విషయమునే విస్మరింతురు. ఇంజను చల్లగా నున్నపుడు థర్మోస్టాట్ మూసికొని యుండును; చాల ఇంజనులలో అది 82 మొదలు 88 డిగ్రీల మధ్య తెరచుకొనును. అంతవరకు పంపు త్రోసిన నీరు ఒక చిన్న ప్రక్కదారిన తిరిగి పంపునకే చేరును. ఈ దారిని మూసినచో సిలిండర్ల చుట్టు నీరు కదలక నిలిచి, ఒక్కొక్కచోట మరిగి, హెడ్డునకు పగులు తెచ్చును. కొన్ని ఇంజనులలో హీటరు గొట్టములే ఈ ప్రక్కదారి. కనుక సందేహమున్నచో మూయవద్దు. ఆ రెండు మొనలను ఒకే హోస్ పైపుతో కలిపి, రెండు చివరల క్లిప్పులు బిగింపుడు. హెడ్డు పైభాగమునుండి రేడియేటరునకు పోవు సన్నని గొట్టమున్నచో అది గాలి, ఆవిరి పోవుటకై ఏర్పడినది. దానిని కూడ మూయరాదు.

నిజముగ అక్కరలేని రంధ్రమునకు లోహపు ప్లగ్గే తగినది. మెకానిక్కులు దీనిని డమ్మీ అందురు. ఇనుప బ్లాకునకు ఇత్తడి ప్లగ్గు మేలు, తుప్పుపట్టి అతుకుకొనదు. అల్యూమినియం హెడ్డునకు అల్యూమినియం ప్లగ్గు వాడవలెను. మర కొలత సరిచూడకుండ త్రిప్పరాదు: 3/8 అంగుళపు పైపు మరకు బ్రిటిషు కొలతలో అంగుళమునకు 19 చుట్లు, అమెరికా కొలతలో 18. ఒకదానిలో మరియొకటి రెండు మూడు చుట్లు తిరిగి పట్టుకొనును; బలవంతము చేసినచో పోయేది ఇంజను మరయే.

మొనవైపు సన్నబడు ప్లగ్గునకు టెఫ్లాన్ టేపు మర తిరుగు దిక్కుననే రెండు మూడు చుట్లు చుట్టి, మొదటి చుట్టును వదలవలెను. తెగిన టేపు ముక్కలు నీటిదారిలో పడరాదు. ఇట్టి ప్లగ్గు ఆప్పువలె దిగును గనుక పెద్ద పానాతో లాగినచో అల్యూమినియం హెడ్డు చీలిపోవును. అంతటను ఒకే లావుగల ప్లగ్గునకు టేపు చాలదు, రాగి వాషరు వేయవలెను. మర లేని నున్నని రంధ్రమైనచో సరియైన కొలత రేకు ప్లగ్గును వర్క్‌షాపులో దిగగొట్టించుటయే మంచిది.

పని ముగిసిన పిమ్మట నీరు నింపి, అరగంటసేపు దగ్గరనుండి నడుపుడు. ప్లగ్గు చుట్టు తడి యున్నదేమో చూడుడు. ఇంజను పూర్తిగ చల్లారిన తరువాతనే రేడియేటరు మూత తీసి నీటిమట్టము చూడవలెను; వేడిమీద తీసినచో మరుగునీరు ముఖముపై చిమ్మును. మరునాడు ఉదయము, ఇంజను వేయకముందు, ప్లగ్గు క్రింద పొడిగుడ్డతో మరల తుడిచి చూడుడు. కొన్ని కారుటలు లోహము చల్లబడి కుంచించుకొన్నపుడే బయటపడును.