యోయో రంగు పైపూత కాదు

యోయో అంటే దారానికి కట్టిన పిల్లల ఆటబొమ్మే గదా అనుకుంటాం. 1928లో ఫిలిప్పీన్స్ నుంచి వలస వెళ్లిన పెడ్రో ఫ్లోరెస్ కాలిఫోర్నియాలో చెక్కతో చేసి అమ్మిననాడు అది అంతే. ఈనాడు పోటీలకు వాడేవాటిలో చాలా భాగం లేతు మీద చెక్కిన అల్యూమినియంవి. వాటిలో కొత్త రంగొకటి విడుదలైందంటే దాని వెనుక మన కెమిస్ట్రీ లాబ్ పాఠం ఉందన్నమాట.

ఆ రంగు బ్రష్‌తో వేసిన పెయింటు కాదు. యోయోను సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ముంచి, ఆనోడుగా కలిపి కరెంటు పంపిస్తే పైన అల్యూమినియం ఆక్సైడ్ పొర పెరుగుతుంది. ఆ పొర నిండా కంటికి కనబడని రంధ్రాలు. అద్దకం రంగు వాటిలోకి దిగుతుంది. తర్వాత మరిగే నీళ్లలో ఉంచితే రంధ్రాలు మూసుకుపోతాయి. అందుకే రంగు పెచ్చులూడదు. గచ్చు మీద గట్టిగా పడితే మాత్రం సొట్టపోయి తెల్లని లోహం బయటపడుతుంది, అది వేరే సంగతి.

టైటానియానికైతే అసలు రంగే వేయరు! వోల్టేజి మార్చితే ఆక్సైడ్ పొర మందం మారుతుంది. మందాన్నిబట్టి నీలం, ఊదా, బంగారు రంగులు కనబడతాయి. వానకు తడిసిన రోడ్డు మీద ఒలికిన నూనెలో మనం చూసేదీ ఈ ఇంటర్‌ఫియరెన్సే.

లోహం మార్చడం ఇంత తేలిక కాదు. అల్యూమినియం సాంద్రత 2.7, టైటానియం 4.5. అదే నమూనాను టైటానియంతో చెక్కితే బరువు ఒకటిన్నర రెట్లు దాటిపోతుంది. కనుక గోడలు పలచన చేసి, బరువును అంచుకు జరిపి, నమూనా మళ్లీ గీయాలి. బరువు అంచున ఉంటే జడత్వ భ్రామకం పెరిగి ఎక్కువసేపు తిరుగుతుంది.

కొత్త రంగు వచ్చిందని అదే యోయోకు ఎక్కువ ధర పెట్టేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. ఆ పొర మందం మైక్రాన్లలోనే గదా, తిరగడంలో చేతికి తెలిసే తేడా ఏమీ ఉండదు.