డీజిలు పికప్పు బండికి గాలి గొట్టము, ఫిల్టరు: బొగ్గుగనుల ప్రాంతమున ఎట్టివి వలయును?

గడచిన పత్తి తీతల కాలమున మన సంఘ సభ్యులలో నొకరు తమ పికప్పు బండిని గోదావరిఖనిలోని యొక మెకానిక్ షెడ్డునకు చేర్చి, అచ్చటినుండి నాకు ఫోను చేసిరి. బండి కొని రెండేండ్లు కాలేదు. ఇంజను ఆయిలు మూడు వారములకొక లీటరు త్రాగుచున్నది. బరువుతో ఎత్తెక్కునప్పుడు నీలిపొగ వచ్చుచున్నది. తెల్లవారుజామున స్టార్టు చేయుట గగనమైనది. నేను పోవునప్పటికి ఇంజను విప్పి పరచియుండిరి. సిలిండరు గోడ పైభాగమున గోరు పెట్టి లాగినచో మెట్టువలె తగులుచుండెను. రింగులు అరిగి పలుచబడినవి.

"సారూ, కల్తీ డీజిలు పోసిండ్రేమో" అని సభ్యుడు నన్నడిగిరి. మేస్త్రీ బదులు చెప్పక, ఫిల్టరునుండి టర్బోకు గాలి తెచ్చు రబ్బరు గొట్టమును ఊడదీసి, లోపల వ్రేలు త్రిప్పి మా ఇద్దరికిని చూపెను. వ్రేలికి సన్నని బూడిదరంగు మన్ను అంటియుండెను. అది ఫిల్టరు దాటిన తరువాతి గొట్టము. అచ్చట మన్ను రవ్వంతయు ఉండకూడదు.

విచారింపగా తేలినదేమనగా, ఆరు నెలల క్రిందట ఒకానొక విడిభాగముల దుకాణమువారి మాట విని, కంపెనీ బిగించిన ఫిల్టరు పెట్టెను తీసివేసి, తీగవలతో చేసిన గరాటువంటి బహిరంగ ఫిల్టరును పెట్టించిరట. గాలి ఎంత ఎక్కువగా పోయిన ఇంజనుకంత బలము వచ్చునని చెప్పిరట. ఆ బలము సంగతి యేమో కాని, మరమ్మతునకు ఆ యేటి పత్తి డబ్బులో పెద్దభాగము పోయినది. బండి అప్పు కిస్తీ మాత్రము ఆగలేదు. విత్తనములు, తెగుళ్లు చెప్పవలసిన నేను ఇంజను మాట వ్రాయుటకు ఇదియే కారణము. మన సభ్యులలో అనేకులకు ఇప్పుడు జోడెడ్ల స్థానమున పికప్పు బండి కలదు. ఎద్దు మూతికి చిక్కము కట్టుట మనకు తెలియును. ఇంజను ముక్కునకు ఏమి కట్టవలెనో కూడ తెలిసికొనవలెను.

మొదట ఇంజను ఎంత గాలి పీల్చునో చూతము. మన ప్రాంతమున విరివిగా తిరుగు పికప్పు బండ్లలో 2.5 లీటర్ల ఇంజను గలవి కలవు. నాలుగు స్ట్రోకుల ఇంజను రెండు చుట్లకొకసారి తన నిండుగా గాలి తీసికొనును. నిమిషమునకు 2,000 చుట్లు తిరుగునప్పుడు అది నిమిషమునకు 2,500 లీటర్లు, అనగా 200 లీటర్ల డ్రమ్ములు పన్నెండున్నర, పీల్చుచున్నదన్నమాట. గంటకు 1,50,000 లీటర్లు. టర్బో ఉన్నచో అంతకంటె ఎక్కువ. ఈ గాలియందేమున్నదో అదంతయు ఇంజను లోపలికి పోవుటకు సిద్ధముగా నుండును.

మన ప్రాంతపు దుమ్ము ఒక్క విధమైనది కాదు. ఓపెన్‌కాస్టు గనులనుండి వచ్చు బొగ్గుపొడిని చూచి అందరును జడియుదురు. తెల్లచొక్కా నల్లబడును, ఆరవేసిన మిరపకాయలకు మసి పట్టును. కావున ఇంజనుకును అదియే శత్రువనుకొనుట సహజము. కాని బొగ్గు మెత్తని పదార్థము. అది ఇనుమును అంతగా అరగదీయజాలదు. ఫిల్టరు కాగితపు సందులను పూడ్చి గాలిని అడ్డగించుట దాని ముఖ్యమైన అపకారము.

అసలు శత్రువు ఆ బొగ్గుపైన ఉన్న రాయి. గోదావరి లోయలో బొగ్గుపొరలు ఇసుకరాతి పొరల నడుమ ఉన్నవి. ఓపెన్‌కాస్టులో బొగ్గును చేరుటకు సింగరేణివారు పైనున్న ఈ రాతిని ప్రేల్చి, డంపర్లతో తరలించి, గుట్టలుగా పోయుదురు. మన ఊళ్ల ప్రక్క లేచిన కొత్త కొండలు అవియే. ఇసుకరాతిలోని పలుగురాయి కడుగట్టిది. ఖనిజముల గట్టిదనమును కొలుచు మోహ్స్ పట్టికలో వజ్రమునకు 10 అయిన, పలుగురాయికి 7. సిలిండరు గోడల ఇనుము దానికి తీసిపోవును. అనగా ఆ గుట్టలమీదినుండి ఎగురు తెల్లని, గోధుమరంగు దుమ్ము నూనెలో కలిసి, సానరాయి ముద్దవలె పనిచేయును. ఇదిగాక రామగుండము విద్యుత్కేంద్రపు బూడిద యున్నది. కుందనపల్లి బూడిద చెరువునుండి బూడిద లారీలు పోవు దారిలో వెనుక నడచినవారికి దాని సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. ఆ బూడిద చాలవరకు గాజువంటి సన్నని గోళీలు. సిలికా, అల్యూమినాలతో నిండినది.

రేణువు ఎంత సన్ననైన అంత నిరపాయమనుకొనరాదు. మన తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రానులు. పిస్టను రింగునకును గోడకును నడుమనుండు నూనెపొర కొద్ది మైక్రానులు మాత్రమే. 5 మొదలు 20 మైక్రానుల రేణువులు ఆ సందులో దూరి రెండు ప్రక్కలను గీయును. కంటికి కనబడు ఇసుకను ఎట్టి జల్లెడయైనను ఆపును. కంటికి కనబడనిదానిని ఆపుటయందే ఫిల్టరు గొప్పతనము తెలియును.

ఈ జ్ఞానము కూడ రైతుల నష్టమునుండియే పుట్టినదని వినిన మనవారు సంతోషింతురు. 1915లో అమెరికాలో ఫ్రాంక్ డొనాల్డ్సన్ అను ట్రాక్టరు కంపెనీ ఉద్యోగి, పొలపు దుమ్ముచేత ఒక రైతు ట్రాక్టరు ఇంజను అరిగిపోవుట చూచి, తీగచట్రమునకు మెత్తని గుడ్డ చుట్టి ఇంజను గాలిదారికి బిగించెను. తమ యంత్రములో లోపమున్నదని చాటినట్లగునని కంపెనీవారు ఆయనను పనినుండి తొలగించిరట. ఆయన తరువాత ఫిల్టర్ల వ్యాపారమే పెట్టుకొనెను.

ఇక ఏ ఫిల్టరు కొనవలెనను మాట. దుకాణమువారు "ఇది నూటికి 95 పాళ్లు ఆపును, అది 99 పాళ్లు ఆపును, నాలుగు పాళ్లకు ఏమి వచ్చె" నందురు. లెక్క అట్లు వేయరాదు. ఫిల్టరు ఆపినదానిని కాక, విడిచినదానిని చూడవలెను. గనిదారిలో ఒక ఘనమీటరు గాలియందు పదవవంతు గ్రాము దుమ్మున్నదనుకొందము. పైన చెప్పిన బండి ఎనిమిది గంటలలో 1,200 ఘనమీటర్ల గాలి, దానితో 120 గ్రాముల దుమ్ము పీల్చును. 99 పాళ్లు ఆపునది 1.2 గ్రాములను లోనికి విడుచును. 95 పాళ్లు ఆపునది 6 గ్రాములను విడుచును. ఇంజను అరుగుదల అయిదింతలయ్యె నన్నమాట. మంచి కాగితపు ఫిల్టరు 99 పాళ్లకు మించియే ఆపును. వలఫిల్టర్లు గాలిని సుళువుగా పోనిచ్చుటకు కారణము వాని సందులు పెద్దవగుటయే.

గాలి ఎక్కువైన బలము పెరుగునన్న మాటలో నిజమెంత? డీజిలు ఇంజనులో బలము పోసిన డీజిలునుబట్టి వచ్చును. ఆ డీజిలును కంపెనీవారు ముందే కొలిచి పెట్టియుందురు. శుభ్రముగా నున్న కంపెనీ ఫిల్టరు దానికి చాలినంత గాలినిచ్చును. పైగా బానెట్టు క్రింద బహిరంగముగా నుండు ఫిల్టరు ఇంజను వేడిగాలినే పీల్చును. వేడిగాలి పలుచన, అందు ప్రాణవాయువు తక్కువ. కంపెనీ పెట్టెయైనచో బయటి చల్లగాలిని ముందుభాగమునుండి తీసికొనును. 2020 ఏప్రిలు 1 తరువాత వచ్చిన బి.యస్.6 బండ్లలో గాలిని కొలుచు సున్నితమైన సెన్సారు కలదు. నూనె పూసిన వలఫిల్టరు పెట్టినచో ఆ నూనె సెన్సారునకంటి కొలత తప్పవచ్చును.

కావున నా అభిప్రాయము: కంపెనీ పెట్టె, కంపెనీ కొలతకు సరిపోవు కాగితపు ఫిల్టరు. ఇందులో గొప్ప రహస్యమేమియు లేదు. కాని పెట్టె సంగతి ఫిల్టరు సంగతికంటె తక్కువది కాదు. ఫిల్టరు అంచుననుండు రబ్బరు పెట్టెకు అంతటను ఆనవలెను. పెట్టె క్లిప్పు ఒకటి విరిగి తీగతో కట్టిన బండ్లను నేను మన సంఘము ముంగిటనే నాలుగింటిని చూచితిని. వడ్లు జల్లించునప్పుడు జల్లెడ ప్రక్కనుండి జారినదానిని జల్లించినట్లెట్లగును? అట్లే ఫిల్టరును దాటవేసి ప్రక్కసందునుండి పోవు గాలి వడకట్టబడదు.

దినమంతయు మట్టిదారిలో తిరుగువారు సైక్లోను అను ముందు వడపోతను గూర్చి మేస్త్రీతో ఆలోచింపవచ్చును. గాలిని గిరగిర త్రిప్పి, బరువైన రేణువులను అంచునకు విసరి, గిన్నెలో పడవేయును. చేటతో తూర్పారబట్టినట్టిదే ఈ పని. పెద్ద ట్రాక్టర్లకును లారీలకును ఇట్టివి కంపెనీవారే బిగింతురు. కొన్నింటిలో లోపల మరియొక చిన్న ఫిల్టరు కూడ ఉండును. దానిని ఎన్నడును దులుపరాదు, కడుగరాదు. గడువు వచ్చినప్పుడు మార్చుటయే.

గాలి నోరు ఎత్తున నున్నకొలది దుమ్ము తక్కువ. దుమ్ము నేలదగ్గర దట్టముగా నుండును. అందుచే కొందరు పైకప్పు ఎత్తునకు పోవు గొట్టమును బిగించుకొనుచున్నారు. అది మంచిదే, అతుకులన్నియు గాలి చొరకుండ బిగిసినచో. అతుకు వదులైన మంచి చెడ్డయగును. బండి రూపమును మార్చునప్పుడు మోటారు వాహన చట్టము 52వ సెక్షనును, కంపెనీ గ్యారంటీని మరువకుడు. ముందుగా అడిగి చేయుడు. మరియొక హెచ్చరిక: గొట్టము ఎత్తున నున్నదని వానకాలమున పొంగు వాగులో బండి దింపరాదు. సిలిండరులో చొరబడిన నీరు గాలివలె నొత్తుకొనదు. కనెక్టింగు రాడ్డు వంగిపోవును. అంతకుముందే ప్రవాహము బండిని ప్రక్కకు నెట్టవచ్చును. ఖర్చు లేని ఉపాయమొకటి చెప్పెదను: బొగ్గు టిప్పరు వెనుకనంటి పోక, దుమ్ము తేరువరకు ఎడము పాటింపుడు. ఇంజనుకే కాదు, మీ రొమ్ముకును మేలు.

ఇక శుభ్రత. ఇందులో నేనును తప్పు చేసితిని. నా పాత జీపు ఫిల్టరును కొన్నేండ్లపాటు టైరుకు కొట్టి దులిపితిని. దుమ్ము రాలుట చూచి తృప్తిపడితిని. ఒకనాడు చీకటిగదిలో దాని లోపల టార్చి వెలిగించి చూడగా మడతల మొదట సూదిమొనవంటి వెలుగు చుక్కలు మూడు కనబడినవి. ఇసుక నేరుగా పోవు ద్వారములవి. పంక్చరు షాపు కంప్రెషరు గాలియును అంతే. దాని ఒత్తిడి కాగితమును చీల్చగలదు. ఊదక తప్పనిచో 30 పౌండ్లకు మించకుండ, లోపలినుండి వెలుపలికి, దూరమునుండి ఊదవలెను. పిమ్మట టార్చి పరీక్ష చేయవలెను. నీటితోను పెట్రోలుతోను కడుగరాదు.

ప్రతిదినము విప్పి చూచుట శ్రద్ధయని కొందరి నమ్మకము. విప్పిన ప్రతిసారి అంచుదుమ్ము లోపలికి రాలును. అదిగాక కాగితముపై పేరిన పలుచని దుమ్ముపొర తానే జల్లెడయై సన్నని రేణువులను పట్టును. కొంచెము మాసిన ఫిల్టరు కొత్తదానికంటె బాగుగా వడకట్టును. మరి ఎప్పుడు మార్చవలెను? కొన్ని బండ్లకును ట్రాక్టర్లకును గాలి అడ్డును చూపు సూచిక కలదు. ఫిల్టరు బిగుసుకొనినప్పుడు అది ఎఱ్ఱగా మారును. ఇంచుమించు 25 అంగుళముల నీటిమట్టమంత అడ్డు దాని హద్దు. సూచిక లేనివారు సర్వీసు పుస్తకమును తెరువుడు. దుమ్ముదారుల బండ్లకు అందు తక్కువ గడువు వేరుగా వ్రాసియుండును. మనకు వర్తించునది ఆ పంక్తియే.

కొనునప్పుడు పాతదానిని చేతబట్టుకొని పోవుడు. ఎత్తు, వెడల్పు, మడతల దట్టము, అంచు రబ్బరు మెత్తదనము పోల్చుడు. మడతలు ఎడమెడముగా నున్నచో కాగితము తక్కువ పెట్టిరని తెలియును. ఐ.యస్.ఓ. 5011 అనునది ఫిల్టర్ల పరీక్షాపద్ధతి. ఆ పరీక్షలో ఎన్ని పాళ్లు ఆపినదో చెప్పగలవారి సరకు కొనుట మేలు. బిల్లు విడువకుడు. ఒక ఇంజను మరమ్మతు సొమ్ముతో పదేండ్లకు చాలు ఫిల్టర్లు వచ్చును.

నూనెగిన్నె ఫిల్టరు గల పాత ట్రాక్టర్లవారికి ఒక్క మాట. గిన్నెలో నూనె గీతవరకే పోయుడు. ఎక్కువైన ఇంజను దానిని పీల్చుకొని, అదుపు తప్పి పరుగెత్తవచ్చును. అడుగున మడ్డి పేరిన వెంటనే మార్చుడు.

మొదట చెప్పిన సభ్యుని బండికి తిరిగి కంపెనీ పెట్టెయే బిగించిరి. మొన్న మంథని దారిలో కలిసినప్పుడు బానెట్టు ఎత్తించి, గొట్టము విప్పి, లోపల తెల్లగుడ్డ త్రిప్పి చూచితిమి. గుడ్డ తెల్లగానే వచ్చినది. టర్బో దగ్గరి క్లాంపు చోట మాత్రము సన్నని చారయొకటి కనబడెను. స్క్రూడ్రైవరుతో ఒకటిన్నర చుట్టు బిగించి, వారము దినముల తరువాత మరల చూడుమని చెప్పి వచ్చితిని.